ఉప్పూ ఎండా, అంతే

డాక్టరమ్మ తలుపు వేసుకుంటూ అడిగిన మాట ఇంకా ఆ తలుపు బయటే నిలబడి ఉంది. "తాతగారూ, ఆ ఎండు మాంసంలో ఏమేం కలుపుతారు? బాగా గుర్తు చేసుకోండి. రక్తం పరీక్ష తేలడానికి గంట పడుతుంది, ఈలోగా గుర్తొస్తే తలుపు కొట్టండి, ఎంత తొందరగా తెలిస్తే కుక్కకి అంత మంచిది." గుర్తు చేసుకోవడమట! ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఈ చేత్తో కలుపుతున్నది నాకు గుర్తు లేక ఎక్కడికి పోతుంది, నిద్రలో లేపి అడిగినా పాళ్ళతో సహా చెప్పగలను. నేను చెప్పింది మాత్రం మా కొట్టు బోర్డు మీద రాసి ఉన్నదే. ఉప్పూ ఎండా, అంతే. ఆవిడ నా మొహంలోకి ఒక్క క్షణం చూసింది, బరువు సరిగ్గా తూచాడా లేదా అని కొనేవాళ్ళు త్రాసు ముల్లు వంక చూసినట్టు, చూసి తలుపు వేసుకుంది. ఆ తలుపు వెనక బల్ల మీద మా బావమరిది కుక్క పడుకుని ఉంది. చిగుళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి, పొద్దున్న పోసిన మూత్రం మరిగి మరిగి మాడిన టీ రంగులో ఉంది. నాకూ తనకీ మధ్య ఒక కుర్చీ ఖాళీగా వదిలి కూర్చున్నాడు వాడు, కుక్క గొలుసు ఒళ్ళో పెట్టుకుని. ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండును, ఏడ్చేవాడికి నచ్చజెప్పడం నాకు చేతనవును. వాడి ఫోన్ మోగింది, లేచి కౌంటరు దగ్గరికి పోయి మెల్లగా మాట్లాడాడు, అక్కడున్న అమ్మాయికి ఏదో కాగితం మీద రాసిచ్చాడు, మళ్ళీ వచ్చి అదే కుర్చీలో కూర్చున్నాడు, మధ్య కుర్చీ అలాగే ఉంది.

ఉల్లిపాయ. వెల్లుల్లి. ఇంతే కదా, రెండు మాటలు. మాంసాన్ని నార వెంట రిబ్బన్లలా కోసి, ఉల్లీ వెల్లుల్లీ మెత్తగా నూరి, గుడ్డలో పిండి, ఆ రసం డ్రమ్ములో పోసి రాత్రంతా నానబెట్టాలి. తీశాక గట్టిగా పిండి ఉప్పు రాయాలి, మేడ మీద తీగకి వేలాడగట్టి దోమతెర కప్పాలి, వంచితే చిట్లాలి కాని విరగకూడదు. రసం మాంసంలోకి పోయిందా, పిప్పి బయటే ఉందా, చూసినవాడికి ముక్క మీద ఉప్పు తప్ప మరేమీ కనిపించదు. ఆ రుచి ఎక్కడినుంచి వస్తోందో తెలియక పోటీకి దిగిన నలుగురు వ్యాపారం మానుకున్నారు. ఒకడు మా మేడ మీద ఎండ వేరని నమ్మి పక్క మేడ అద్దెకు తీసుకున్నాడు, నేనే నమ్మించాను, మా మేడ మీద సూర్యుడు రెండు నిమిషాలు ఎక్కువసేపు ఆగుతాడని చెప్పాను, పాపం గడియారం పెట్టుకుని కూర్చునేవాడు. నానబెట్టే గదికి తాళం. ఉల్లిపాయలు కొనడానికి ఊరికి ఆ చివర సంతకి పోయేవాణ్ణి, ఎందుకయ్యా ఇన్ని బస్తాలు అంటే పెళ్ళి అనేవాణ్ణి, వాళ్ళ లెక్కలో నాకు ఇప్పటికి ఒక నూటయాభై మంది కూతుళ్ళు ఉండాలి. పొట్టు సంచిలో కుక్కి, సైకిల్ వెనక కట్టుకుని, నాలుగు వీధుల అవతల బట్టల కార్ఖానా చెత్తకుండీలో పడేసేవాణ్ణి. ఈ సంగతి నాకూ మా ఆవిడకీ తప్ప మూడోవాళ్ళకి తెలియదు. ఆవిడకి తెలియకుండా ఎలా ఉంటుంది, ఆ ఉల్లిపాయలన్నీ ఒలిచింది ఆవిడే కదా, కళ్ళు తుడుచుకుంటూ, మన ఇంట్లో ఎవరూ చావకుండానే నాకు ఇంత ఏడుపేమిటండీ అని నవ్వుతూ.

మా బావమరిది ఎనిమిదేళ్ళు మా కొట్టులో పనిచేశాడు. కత్తి పట్టడం నేనే నేర్పాను, చెయ్యి బాగా తిరిగినవాడు, వాడు కోసిన ముక్క నా ముక్క కంటే బాగుండేది, అందుకే ఎప్పుడూ ఆ మాట వాడితో అనలేదు. ఎనిమిదేళ్ళూ ఒకటే అడిగాడు, బావా నన్ను ఆ గదిలోకి రానీ, నేనూ మీ ఇంటివాణ్ణే కదా. సరేరా, వచ్చే నెల అనేవాణ్ణి. ఆ వచ్చే నెల రాలేదు. ఒకరోజు కత్తి కడిగి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు, తాళాలు బాగుచేసే పనిలో చేరాడు. నా గది తాళం తియ్యాలనే ఆ విద్య నేర్చుకున్నాడని నేను వీధంతా చెప్పాను, ఎవరికి చెప్పినా పగలబడి నవ్వేవాళ్ళు, వాడికి కూడా చెప్పాను, వాడూ నవ్వాడు, ఒక పక్క పెదవితో. ఇప్పుడు తలుపు కొట్టి ఉల్లీ వెల్లుల్లీ అంటే వాడు వింటాడు. ఎనిమిదేళ్ళు అడిగి విసిగిపోయినదాన్ని ఒక కుక్క కోసం నా నోటితో నేనే వాడి చెవిలో పోసినట్టవుతుంది. బోర్డు మీద అక్షరాలు అబద్ధమని వాడి ముందు ఒప్పుకోవాలి. నేను చెప్పిన కథలు అబద్ధాలని అందరికీ తెలుసు, వాటితో నాకు పేచీ లేదు. బోర్డు ఒక్కటే నిజమని అందరూ అనుకుంటున్నారు.

కుక్క పేరు గుమస్తా. కళ్ళజోడు పెట్టుకున్నట్టు కళ్ళ చుట్టూ నల్లటి వలయాలు, ఎవరు వచ్చినా లేవకుండా ఒకసారి పైకీ కిందికీ చూసి మళ్ళీ తల దించుకుంటుంది, ఇవాళ సారు లేరు రేపు రండి అన్నట్టు. వాడి చేత్తో తప్ప ఎవరి చేత్తో పెట్టినా ముట్టదు. ఆ గొప్ప వాడు చెప్పుకునేవాడు కాదు, అదే నాకు మంట. చెప్పుకుంటే వెక్కిరించవచ్చు. మా ఆవిడ పెడితే తినలేదు, పక్కింటివాళ్ళు పెడితే తినలేదు, నేను ఒకసారి నా పళ్ళెంలో ముక్క చాపితే నా చేతిని వాసన చూసి మొహం తిప్పుకుంది, అందరి ముందూ. వాడు అయిదు రోజులు పొరుగూరు పోవలసి వచ్చింది, ఏదో పెద్ద హోటల్లో తలుపులన్నిటికీ కొత్త తాళాలట. కుక్కని మా ఇంట్లో వదిలాడు. ఉడకబెట్టిన తిండి డబ్బాలు, ఒక పాత చొక్కా. "ఈ చొక్కా పళ్ళెం పక్కన పరిచి పెట్టు బావా, నేనున్నాననుకుని తింటుంది." సరేరా అన్నాను. వాడి ఆటో మలుపు తిరగగానే చొక్కా తీసి బీరువాలో పెట్టాను.

ఎందుకు పెట్టానని నన్ను నేను ఇప్పుడు అడుగుతున్నాను, అప్పుడు అడగలేదు, అప్పుడు సరదాగా ఉంది. మొదటి రోజు డబ్బా తెరిచి పెట్టాను, పళ్ళెం వంక చూసి గుమ్మం వంక చూసింది. రెండోరోజు మధ్యాహ్నం డబ్బా కూడా పెట్టలేదు. తినడం లేదే పాపం, బెంగ పెట్టుకుంది అని మా ఆవిడ అంటే, కుక్కలకి ఉపవాసం మంచిదే, మా చిన్నప్పుడు ఒక కుక్క నెలరోజులు తినకుండా పాట పాడేది అన్నాను. ఆకలికి దాని కడుపు చేస్తున్న చప్పుడు పక్కగదిలోకి వినిపించేది. సాయంత్రం వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని, మా కొట్టు ముక్క ఒకటి తీసుకుని నేను నమిలాను, మెల్లగా, చప్పుడు చేస్తూ. ఇంకోటి అరచేతిలో పెట్టి నేల మీద ఆనించాను. చాలాసేపు పట్టింది. వచ్చింది, వెనక్కి పోయింది, మళ్ళీ వచ్చింది, నా మొహంలోకి చూసింది, కళ్ళు పక్కకి తిప్పుకుని తీసుకుంది. సిగ్గుపడుతూ తీసుకుంది. కుక్క సిగ్గుపడితే ఎలా ఉంటుందో ఆ రోజు చూశాను, ఏం చెప్పను, కొట్టు తెరిచిన మొదటి రోజు కూడా నాకు అంత సంతోషం కలగలేదు. మూడోరోజు పొట్లం. నాలుగోరోజు రెండు. అయిదోరోజు నేను మంచినీళ్ళకి లేస్తే లేచింది, స్నానానికి పోతే బయట కాపలా కాసింది, వాడు వచ్చి గుమ్మంలో నిలబడి పిలిస్తే తోక ఊపి, నా వంక తిరిగి, నా కాలి పక్కన కూర్చుంది. అప్పటికే దానికి గుమ్మం దాకా పోవడానికి ఓపిక లేదని నాకు తెలియదు. నేను గెలిచాననుకున్నాను. వాడి మొహం చూసి, "నీకంటే నా చెయ్యే రుచిగా ఉందిరోయ్" అన్నాను.

కౌంటరు పైన గడియారంలో పావుగంట గడిచింది. ఉప్పు ఎక్కువై ఉంటుంది, అంతే, నీళ్ళు తాగితే పోతుంది. ఉల్లిపాయ చేస్తుందా ఇంత పని? మనుషులం తినడం లేదూ? కాని డాక్టరమ్మ లోపలికి పోయే ముందే గోడ మీద బొమ్మలతో ఉన్న కాగితం ఒకటి నా కంటబడింది, కుక్కలకి పెట్టకూడనివి. ద్రాక్ష, చాక్లెట్, వరసలో మూడోది ఉల్లిపాయ, నాలుగోది వెల్లుల్లి, పచ్చివైనా ఎండినవైనా పొడి చేసినవైనా సరేనట, రక్తంలో ఎర్రదనాన్ని విరగ్గొడతాయట. బొమ్మలో ఉల్లిపాయకి కళ్ళూ మూతీ పెట్టి, కోపంగా ఉన్నట్టు గీశారు. అది నావంకే చూస్తోంది. మా కొట్టుకి వచ్చిన ప్రతి రెండోవాడూ అడిగేవాడు, తాతా, కుక్కకి పెట్టొచ్చా? పెట్టొచ్చా అని అడుగుతావేమిటి, మా ముక్క తిన్న కుక్క ఒకటి ఇరవయ్యారేళ్ళు బతికింది, చివరి రోజుల్లో పేపరు చదివేది, పళ్ళన్నీ గట్టిగా ఉండగానే పోయింది, దహనం చేస్తే పళ్ళు కాలలేదు అనేవాణ్ణి. నవ్వి రెండు పొట్లాలు ఎక్కువ కొనేవాళ్ళు. నవ్వారంటే నమ్మనట్టే కదా? నమ్మకపోతే ఆ రెండోది ఎందుకు కొన్నారు? టైలరమ్మ ఉండేది, ఎదురు వీధిలో, చిన్న తెల్ల కుక్క, మిషను పెడలు మీద పడుకునేది, దాన్ని లేపలేక ఆవిడ చేత్తో చక్రం తిప్పుకుంటూ కుట్టేది. రోజూ ఒక ముక్క పెట్టేది దానికి. అది పోయినప్పుడు కొట్టుకొచ్చి ఏడ్చింది. మూత్రం నల్లగా వచ్చింది తాతా, ఏం జబ్బో అంది. వయసమ్మా అన్నాను. మూడేళ్ళే తాతా అంది. కుక్కకి మూడేళ్ళంటే మనకి అరవై అన్నాను, ఎక్కడా విన్న లెక్క కాదు, నోటికొచ్చింది చెప్పాను, ఆవిడ కళ్ళు తుడుచుకుని అవునా అంది. ఊరికే ఇంకో పొట్లం ఇచ్చి పంపాను. ఇంకో కుక్కని తెచ్చుకుంది. దాని సంగతి నేను అడగలేదు.

తలుపు తోసుకుని ఖాకీ బట్టల్లో ఒక బస్సు డ్రైవరు లోపలికి వచ్చాడు, తువ్వాలులో చుట్టిన కుక్కపిల్లతో. చెవులు ఇంకా నిలబడని పిల్ల. సూది వేయించడానికట. సరిగ్గా మా మధ్య ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు, కూర్చుని నావంక చూసి లేచినంత పని చేశాడు.

"మీరు ఎండు మాంసం తాతగారు కదూ! మా డిపోలో మీ పొట్లం లేకుండా ఎవడూ బండి తియ్యడు!"

నేను నవ్వాను, అలవాటు ప్రకారం. డ్రైవరు జేబులో చెయ్యి పెట్టాడు. నా పొట్లమే. నా బోర్డు మీది మాటే దాని మీద కూడా అచ్చు. విప్పి, ఒక ముక్క చిన్నగా తుంచి కుక్కపిల్ల ముక్కు దగ్గర పెట్టాడు.

"దీనికి ఇదంటే పిచ్చి తాతగారూ. ఉప్పూ ఎండే కదా, భయమేముంది."

బావమరిది తల ఎత్తలేదు, గొలుసు తిప్పడం మాత్రం ఆపాడు. పెట్టకు అని ఒక్కమాట అంటే చాలు. ఎందుకు పెట్టకూడదు తాతగారూ అంటాడు డ్రైవరు.

"బాబూ, అది నాకివ్వు" అన్నాను.

"ఏమిటండీ?"

"ఆకలేస్తోంది. పొద్దుటినుంచి ఏమీ తినలేదు. ఇవ్వు."

పొట్లం చేతికిచ్చాడు, తుంచిన ముక్క కుక్కపిల్ల నోటి దగ్గరే ఉంది. "అది కూడా" అన్నాను. "దాన్నోటి దగ్గరిదా?" "ఆ, అదే." డ్రైవరు నవ్వాలా వద్దా అని బావమరిది వంక చూశాడు. ఇచ్చాడు. తిన్నాను. నాకున్నవి మూడు సొంత పళ్ళు, మిగతావి చేయించినవి, ఎండు ముక్క దగ్గర రెండు జట్లకీ పడదు. కుక్కపిల్ల నా మోకాలి మీద ముందుకాళ్ళు పెట్టి ప్రతి ముక్కా నా నోట్లోకి పోవడం చూస్తూ కుయ్ కుయ్ మంది. ఒక్కటి పెట్టండి పాపం అన్నాడు డ్రైవరు. తల అడ్డంగా ఊపాను, నోరు నిండుగా ఉంది. పదహారు ముక్కలు. దవడ నొప్పి చెవిలోకి పాకింది, ఉప్పుకి నాలుక కొయ్యబారింది, కళ్ళలో నీళ్ళు. ముప్ఫై ఎనిమిదేళ్ళలో నా సరుకు నేను ఒక పొట్లం మొత్తం ఎప్పుడూ తినలేదని అప్పుడు తెలిసింది. ఖాళీ పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఒక ప్రాణం కాపాడానని కూడా అనుకున్నాను, నిజంగా అనుకున్నాను, ఛాతీ కొంచెం ముందుకొచ్చింది.

"మీ కడుపు చల్లగుండా, మీ సరుకంటే మీకే ఇంత ఇష్టమైతే మాకింక ఏం మిగులుతుందండీ" అన్నాడు డ్రైవరు. కౌంటరు అమ్మాయి పిలిస్తే కుక్కపిల్లని ఎత్తుకుని పక్కగదిలోకి పోయాడు.

"మంచినీళ్ళు తాగుతావా బావా?" అన్నాడు బావమరిది. ఇక్కడికొచ్చాక వాడు నాతో అన్న మొదటి మాట. నా జవాబు కోసం చూడకుండా లేచి బయటికి పోయాడు, వరండా చివర కుళాయి ఉంది.

ఇప్పుడు. వాడు లేడు. తలుపు నాలుగడుగులు. లేచాను, తలుపు దాకా వచ్చాను, కొట్టడానికి వేళ్ళు మడిచాను. మెల్లగా చెబితే చాలు, డాక్టరమ్మా ఎవరికీ చెప్పకండి అని. ఉల్లి ఒక్కటే చెబితే? వెల్లుల్లి దాచుకోవచ్చు, ఉల్లికి మందు ఇస్తే వెల్లుల్లికి కూడా పనిచెయ్యకపోతుందా. కాదు, వెల్లుల్లి చెప్పి ఉల్లి దాచుకుంటే నయం, అసలు రుచి ఉల్లిది. పోనీ రెండూ చెప్పి, అది మా ఆవిడ పొరపాటున కలిపిందంటే? ఈ ఒక్కసారికే, కొత్తగా, నాకు తెలియకుండా అంటే? ఆవిడ ఏమీ అనుకోదు, నలభై ఏళ్ళుగా నా మాట ఏదీ కాదనలేదు. రసం కాదు, ముక్కకి ఉల్లి కోసిన చాకు తగిలి ఉంటుందంటే? మాటలు వరసలో నిలబడ్డాయి, నేను ఒక్కోదాన్నీ ముందుకి పిలిచి బట్టలు తొడిగి చూస్తున్నాను. తలుపు అవతల గుమస్తా గోళ్ళు రేకు బల్ల మీద ఒకసారి గీరిన చప్పుడు వినిపించింది. చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. వెనక గ్లాసు చప్పుడైంది. నేను తలుపు మీద దుమ్ము తుడుస్తున్నట్టు చెయ్యి ఆడించి వచ్చి కూర్చున్నాను. వాడు గ్లాసు అందించాడు. తాగాను.

గంట కావడానికి ఇంకా అయిదు నిమిషాలు ఉండగానే తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ నావంక చూడలేదు, నేరుగా వాడితో మాట్లాడింది. "ఉల్లిపాయేనండీ, మీరు రాసిచ్చినట్టే. రక్తంలో తెలిసిపోయింది. మొదట్లోనే చెప్పారు కాబట్టి సమయానికి మొదలుపెట్టగలిగాం. రక్తం ఎక్కిస్తున్నాను, రెండు రోజులు ఇక్కడే ఉండాలి. బతుకుతుందనే నా నమ్మకం." తలుపు వేసుకుంది.

రాసిచ్చినట్టే. కౌంటరు దగ్గర కాగితం. నేను వాడి వంక తిరిగాను.

"అక్క ఫోన్ చేసింది బావా, మనం వచ్చిన అయిదు నిమిషాలకే. ఉల్లీ వెల్లుల్లీ రసం, ఎంతో కూడా చెప్పింది" అన్నాడు. గొంతులో కోపం లేదు, కోపం ఉంటే పట్టుకోవడానికి ఏదైనా దొరికేది. "నీతో అనొద్దంది. ఆయన చెప్తాడురా, కుక్క ప్రాణం మీదికి వస్తే ఆయనే చెప్తాడు, నువ్వు నోరు మూసుకుని కూర్చో అంది. చెప్పడక్కా అన్నాను. నీకు తెలీదు నీ బావ సంగతి అని నన్ను తిట్టింది."

గడియారం, కోపంగా ఉన్న ఉల్లిపాయ, మధ్యలో ఖాళీ కుర్చీ.

"అక్కకి ఏం చెప్పమంటావు?"

"చెప్పాడని చెప్పరా." ఆలోచన కంటే ముందే వచ్చేసింది.

వాడు నన్ను ఒకసారి చూశాడు. గుమస్తా చూసినట్టు, పైకీ కిందికీ. ఫోన్ తీసి నంబరు నొక్కి నా చేతిలో పెట్టాడు.

"నువ్వే చెప్పుకో."

ఒక్క మోతకే ఎత్తింది. ఫోన్ పక్కనే కూర్చుని ఉంటుంది. "ఏమండీ, చెప్పారా?" ఆ గొంతు నాకు కొత్త. పెళ్ళైన కొత్తలో ఎప్పుడో విన్నట్టు, ఏదో తెస్తానని చెప్పి పోయినవాణ్ణి గుమ్మంలో అడిగినట్టు.

"చెప్పకుండా ఉంటానటే! డాక్టరమ్మ ఇంకా తలుపైనా వెయ్యలేదు, ఆగమ్మా అన్నాను. ఉల్లి అన్నాను. వెల్లుల్లి అన్నాను. గట్టిగానే అన్నాను, బోర్డు అబద్ధం అన్నాను, నలుగురూ విన్నారు." ఆగాను. నలభై ఏళ్ళుగా నేను ఏ కథ చెప్పినా ఆవిడ ఊఁ కొడుతుంది. బియ్యం ఏరుతున్నా, జడ వేసుకుంటున్నా, సగం నిద్రలో ఉన్నా నేను ఆగిన చోట ఊఁ అంటుంది, ఆ ఊఁ మీద కాలు పెట్టి నేను తరవాతి మాటకి ఎక్కుతాను. "ఒక బస్సు డ్రైవరైతే లేచి నిలబడి నాకు దణ్ణం పెట్టాడు." ఆగాను. "మీ తమ్ముడు నా చేతులు పట్టుకుని ఏడ్చాడే." నా పక్కన ఆ తమ్ముడు గొలుసు జేబులో పెట్టుకుని లేచి వెళ్ళిపోతున్నాడు. ఆగాను. ఫోన్ పెట్టెయ్యలేదు ఆవిడ, మా వంటింట్లో కుళాయి చుక్క చుక్కగా కారుతున్న చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది. "గుమస్తా కూడా లేచి కూర్చుందే" అన్నాను. ఆగాను. కుళాయి చప్పుడే. "నా చెయ్యి నాకింది" అన్నాను.